కుమ్మరి చేసిన ముక్కు

మొన్న శ్రావణమాసంలో ఒక పేరంటానికి బయలుదేరుతూ మా వదిన బీరువాలోంచి వాళ్ల అమ్మగారి నాటి బుట్టకమ్మలు తీసింది. కుడిచెవికి పెట్టుకుంది, బాగానే వుంది. ఎడమచెవికి పెట్టుకుని తల తిప్పిందో లేదో, బుట్ట కాస్తా జారి గచ్చు మీద టంగుమని పడింది. ఏళ్ల తరబడి బరువు మోసి మోసి చెవితమ్మె రంధ్రం కిందికి సాగిపోయి, చివరికి దారప్పోగంత చర్మం మీద నిలిచి వుందన్నమాట. ఆ పూట అదీ తెగింది. రక్తం రెండు చుక్కలు కూడా రాలేదు గానీ వదిన బెంగ మాత్రం చూడాలి! పేరంటానికి వెళ్లనే లేదు.

మర్నాడు ఇద్దరం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ముప్ఫై ఏళ్లు నిండాయో లేదో, సన్నగా, కళ్లజోడు పెట్టుకుని కాలేజీ పిల్లలా వుంది. గది బయట బోర్డు మీద "ప్లాస్టిక్ సర్జన్" అన్న మాట చదివి వదిన గుమ్మంలోనే ఆగిపోయింది. లోపలికి వెళ్లాక కూర్చోకుండానే, "అమ్మాయ్, ఏం చేసినా సరే గానీ నాకు ప్లాస్టిక్ మాత్రం పెట్టొద్దమ్మా. ఎండకి మెత్తబడుతుంది" అంది. ఆ అమ్మాయి నవ్వలేదు. రోజూ వినే మాటే కాబోలు. "ప్లాస్టిక్ ఏమీ పెట్టమండీ, మీ చెవిని మీ చెవితోనే కుడతాం" అంది. అరగంటలో కుట్టేసింది కూడా. పాత రంధ్రం అంచులు కాస్త చెక్కి పచ్చి చేసి, ఆ పచ్చిని ఈ పచ్చితో కలిపి కుట్టటం, అంతే. మూడు నెలలాగి, మచ్చ మీద కాకుండా పక్కన మళ్లీ చెవి కుట్టించుకోమంది. మన భాష చమత్కారం చూశారా? చిల్లు పెట్టటమూ కుట్టటమే, చిల్లు మూయటమూ కుట్టటమే!

మా కుటుంబంలో ఆ "ప్లాస్టిక్" మాటకి కంగారు పడటం ఇది రెండోసారి. మొదటిసారి మా చిన్నపిన్ని విషయంలో. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆ మాట సంగతి చూద్దాం.

మట్టిని పిసికి, మలిచి ఒక రూపానికి తేవటాన్ని చెప్పే గ్రీకు మాటలోంచి ప్లాస్టిక్ అన్న పదం పుట్టింది. అంటే కుమ్మరి చేసే పని. 1818లో గ్రేఫె అనే జర్మను సర్జన్, పోయిన ముక్కును మళ్లీ చేసే విద్య మీద పుస్తకం రాస్తూ దాని పేరులో ఈ మాట వాడాడు. 1838లో త్సైస్ అనే మరో జర్మను డాక్టరు ఏకంగా ప్లాస్టిక్ సర్జరీ పేరుతోనే ఒక గ్రంథం వేశాడు. మన ఇళ్లలో స్విచ్చిలకూ గిన్నెల పిడులకూ వాడిన బేకలైటు వచ్చింది 1907లో. బకెట్టుకంటే వైద్యానికే ఆ పేరు ముందు వచ్చిందన్నమాట. కుమ్మరి మాట ఎత్తాను కదా, దాన్ని కాస్త గుర్తుంచుకోండి. మళ్లీ పని పడుతుంది.

చెవితమ్మె తెగటం మా వదినతో మొదలైంది కాదు. రెండువేల ఏళ్లకు పైబడిన సుశ్రుత సంహితలో, సూత్రస్థానం పదహారో అధ్యాయం అంతా దాదాపు చెవుల గొడవే. చంటిపిల్లలకి చెవులు ఎలా కుట్టాలి, రంధ్రాన్ని మెల్లిగా ఎలా పెద్దది చెయ్యాలి, తమ్మె తెగితే ఎలా అతకాలి, అన్నీ వున్నాయి. అతికే పద్ధతులు ఒకటా రెండా, పదిహేను! తెగిన తమ్మెలో ముందువైపు ఎంత మిగిలింది, వెనకవైపు ఎంత మిగిలింది అన్నదాన్ని బట్టి ఒక్కోదానికి ఒక్కో పేరు. తమ్మె అసలే మిగలకపోతే చెంప మీది చర్మాన్ని, ఒక పక్క అంటిపెట్టుకునే వుండేలా లేపి, దాన్నే తమ్మెగా మలచమన్నాడు. అన్ని రకాలుగా తెగిన చెవులు చూస్తే గానీ ఎవరూ పదిహేను పద్ధతులు రాయరు. నగల బరువు ఆనాటి వాళ్లూ బాగానే మోశారన్నమాట!

ఆ అధ్యాయం చివరనే ముక్కు సంగతీ వుంది. పోయిన ముక్కంత ఆకును కోసి కొలతగా పెట్టుకుని, చెంప మీద అంత చర్మాన్ని లేపి, ముక్కు మోడు మీద అతకాలి. ఊపిరి ఆడటానికి, ఆకారం నిలబడటానికి లోపల రెండు గొట్టాలు పెట్టాలి. పైన యష్టిమధుకం మొదలైన వాటి చూర్ణం చల్లి, దూది వేసి, నువ్వులనూనెతో తడుపుతూ వుండాలి.

ఇక్కడ నాకొక సందేహం వచ్చింది. చెవి అంటే కమ్మల బరువుకి తెగుతుంది. మరి ముక్కో? ముక్కుపుడక ఎంత బరువుంటుంది గనక? ముక్కు తనంతట తను తెగదండీ. ఎవరో ఒకరు కొయ్యాలి.

"అల్లరి చేశావంటే ముక్కూ చెవులూ కోస్తాను" అని మా అమ్మమ్మ మమ్మల్ని రోజుకి నాలుగుసార్లు అనేది. మేము నవ్వేవాళ్లం. కానీ అది ఒకప్పుడు నిజంగా చేసిన పని. శూర్పణఖ కథ తెలియనివాళ్లు మనలో లేరు. నాసిక్ పట్నానికి ఆ పేరు ఆ ముక్కు మూలానే వచ్చిందని చెప్పుకుంటారు. పంచతంత్రంలో సాలెవాడి కథ గుర్తుందా? తాగివచ్చి పెళ్లాన్ని స్తంభానికి కట్టేస్తాడు. ఆమె బదులు కట్టించుకుని నిలబడిన మంగలివాని భార్య ముక్కు చీకట్లో కోసేస్తాడు. చిన్నప్పుడు ఆ కథలో గడుసుతనం చూసి నవ్వుకున్నాను. ఇప్పుడు చదివితే, అనుమానం వస్తే భార్య ముక్కు కొయ్యటం ఆ కథ చెప్పేవాడికీ వినేవాడికీ వింతగా తోచలేదే అని వొళ్లు జలదరిస్తుంది. రాజులదీ అదే దారి. 1760లలో నేపాలులో గూర్ఖా సేనలు కీర్తిపురం పట్టుకున్నాక ఆ ఊరి జనానికి ముక్కులు కోశారు. ప్రాణం తీస్తే ఒక్క రోజుతో పోతుంది, ముక్కు తీస్తే బతికినన్నాళ్లూ శిక్షే. గాయం మానినా, అద్దం దగ్గరికి పోకపోయినా, ఎదుటివాళ్ల కళ్లే చెబుతూ వుంటాయి కదా!

అలా ముక్కు పోగొట్టుకున్న వాళ్లలో ఒకడి పేరు మాత్రం ప్రపంచమంతా నిలిచిపోయింది. కవాస్‌జీ. పేరు వింటే పార్సీ అనిపిస్తాడు గానీ మరాఠా రైతుబిడ్డ. 1792 యుద్ధంలో ఇంగ్లీషు వాళ్ల సైన్యానికి ఎద్దులబండి తోలేవాడు. తుపాకీ పట్టినవాడు కాదు, కత్తి పట్టినవాడు కాదు. టిప్పు సుల్తాను సైనికులకు పట్టుబడితే ముక్కు కోసి, ఒక చెయ్యి నరికి వదిలేశారు. శత్రువుకి ధాన్యం మోసేవాళ్లను బెదరగొట్టడానికి అదొక ఎత్తు. దాదాపు ఏడాదిపాటు ముక్కు లేకుండానే తిరిగాడు, కంపెనీ ఇచ్చే పింఛను మీద.

తర్వాత పూనా దగ్గర ఒకాయన అతనికి ముక్కు చేశాడు. ఎలా చేశాడో బొంబాయికి చెందిన ఇద్దరు ఇంగ్లీషు డాక్టర్లు పక్కన నిలబడి చూశారు. 1794 అక్టోబరులో లండను "జెంటిల్‌మన్స్ మాగజైన్"లో ఆ వివరమంతా ఒక వుత్తరంగా అచ్చయింది, జేమ్స్ వేల్స్ అనే చిత్రకారుడు వేసిన కవాస్‌జీ బొమ్మతో సహా.

ఆ వివరం చదువుతుంటే ఆసుపత్రి గుర్తుకు రాదు, మన వంటిల్లూ పెరడూ గుర్తుకొస్తాయి. ముందు పలచటి మైనపు రేకు తీసుకుని ముక్కు మోడు మీద పెట్టి, చక్కటి ముక్కు ఆకారం వచ్చేలా వంచాడు. తర్వాత ఆ మైనాన్ని చదును చేసి నుదుటి మీద పరిచి చుట్టూ గీత గీశాడు. మనం రవికె కత్తిరించేటప్పుడు కాగితం పెట్టి గీసుకోమూ, అచ్చం అలాగే. గీత వెంబడి నుదుటి చర్మం కోసి లేపాడు. కానీ మొత్తం వేరు చెయ్యలేదు. రెండు కళ్ల మధ్య సన్నటి పాయ వదిలాడు. కిటుకంతా ఆ పాయలోనే వుంది. దానిగుండా రక్తం వస్తుంటుంది కాబట్టి చర్మం చావదు. ఆ చర్మాన్ని సగం తిప్పి కిందికి దించి, మోడు చుట్టూ అంచు చెక్కి కోసిన గాటులో ఇరికించాడు. కుట్లు లేవు. తాంబూలంలో వేసుకునే కాచు నీళ్లలో మెత్తగా కలిపి, గుడ్డపేలికల మీద పూసి, ఐదారు పొరలు ఒకదాని మీద ఒకటి అంటించాడు. నాలుగు రోజులు అదే కట్టు. తర్వాత నేతిలో ముంచిన గుడ్డలు. పదోరోజున ముక్కు రంధ్రాలు మూసుకుపోకుండా మెత్తని గుడ్డ దూర్చటం. ఇరవై అయిదో రోజుకి కొత్త ముక్కు పాత ముఖానికి అతుక్కుని, అక్కడి రక్తం తాగటం మొదలుపెట్టాక, కళ్ల మధ్య పాయ తెంపేశాడు.

మామిడి అంటు కట్టిన ఇంట్లో పుట్టినవాళ్లకి ఇది చెప్పనక్కర్లేదు. తల్లికొమ్మను ముందే తెంపితే అంటు ఎండిపోతుంది. రెండూ కలిసిపోయాక తెంపితే బతుకుతుంది. ఈ ముక్కుతో ఇంకో తమాషా కూడా వుందిట. చర్మంతో పాటు దాని నరమూ దిగి వస్తుంది కదా, అందుకని మొదట్లో ముక్కు మీద ఈగ వాలితే నుదుటి మీద వాలినట్టే అనిపిస్తుందిట!

మరి ఆ చేసినాయన ఎవరు? కవాస్‌జీ పేరు రాశారు, చూసిన డాక్టర్ల పేర్లు రాశారు, బొమ్మ వేసినవాడి పేరూ వుంది. చేసినవాడి పేరు మాత్రం ఎవరూ అడిగినట్టు లేదు. "ఇటికెలు చేసే కులంవాడు" అని మాత్రం రాసి వూరుకున్నారు. అంటే మన కుమ్మరి వంటివాడు. ఇందాక గుర్తుంచుకోమన్నాను చూడండి! మట్టిని మలిచే పనిని చెప్పే గ్రీకు మాటను ఈ శాస్త్రానికి పేరుగా పెట్టింది జర్మను డాక్టర్లు. అంతకు పాతికేళ్ల ముందే పూనాలో, మట్టిని మలిచే చేతులే ఆ పని చేస్తున్నాయి. ఆ కుమ్మరికి గ్రీకు రాదు, జర్మనుకు పూనా కుమ్మరి తెలియదు.

ఇంకొకటి. సుశ్రుతుడు చెంప నుంచి తీయమన్నాడు, కుమ్మరి నుదుటి నుంచి తీశాడు. చెంప మీద మచ్చ ఎదురుగా కనబడుతుంది, నుదురైతే తలపాగా కిందికి పోతుంది. పైగా నుదుటి చర్మానికి రక్తం బాగా అందుతుంది. ఈ మార్పు చేసిందెవరో ఏ పుస్తకంలోనూ లేదు. పండితులు శ్లోకాలు వల్లిస్తూ వుండగా కత్తిపని వాళ్ల చేతుల్లోంచి జారిపోయి, పనివాళ్ల కుటుంబాల్లో తండ్రి నుంచి కొడుక్కి వెళ్లింది. హిమాలయాల దాపున కాంగ్రాలో కూడా ఒక కుటుంబం తరతరాలుగా ఇదే విద్యతో బతికింది.

యూరపులో వాళ్లకీ ఒక పద్ధతి లేకపోలేదు. ఇటలీలో బొలోన్యా పట్నపు ప్రొఫెసరు తాల్యకోజ్జి 1597లో దాని మీద బొమ్మలతో పెద్ద గ్రంథమే వేశాడు. చంక కింద మోచేతికి పైన చర్మం లేపి, చేతిని ఎత్తి ముక్కుకి ఆనించి, కట్లతో బిగించి రెండుమూడు వారాలు కదలకుండా వుంచటం. ఆయన కూడా దాన్ని అంటుకట్టటమనే అన్నాడు. కానీ అన్నాళ్లు చెయ్యి నెత్తికి కట్టుకుని ఎవరు పడుంటారు? ఆయన తర్వాత ఆ విద్య మూలబడింది. పైగా వేరేవాళ్ల కండతో ముక్కు చేయించుకుంటే ఆ కండ ఇచ్చినవాడు చచ్చిననాడు ముక్కు ఊడి పడుతుందని హాస్యాలు కూడా పుట్టాయి.

అందుకే ఆ వుత్తరం లండనులో అంత సంచలనం చేసింది. జోసెఫ్ కార్ప్యూ అనే సర్జను దాన్ని చదివి ఇరవై ఏళ్లు మనసులో పెట్టుకున్నాడు. ఇండియా నుంచి వచ్చినవాళ్లని వాకబు చేశాడు, శవాల మీద సాధన చేశాడు. 1814లో ఒక సైనికాధికారికి నుదుటి చర్మంతో ముక్కు చేశాడు. మత్తుమందు లేని రోజులు, అది రావటానికి ఇంకా ముప్ఫై ఏళ్లు పైన వుంది! 1816లో ఆయన పుస్తకం వచ్చాక యూరపంతా మన ముక్కు పాకింది. ఈనాటికీ ముక్కు పెద్ద భాగం పోయినప్పుడు సర్జన్లు నుదుటి నుంచే చర్మం తెస్తారు, మధ్యలో పాయ వుంచి, కొన్ని వారాలాగి తెంపుతారు. కాచు బదులు కుట్లు వచ్చాయి, అంతే తేడా అనను గానీ, మూలం అదే.

విద్య లండనుకి వెళ్లింది గానీ, ముక్కులు కొయ్యటం ఇక్కడ ఆగలేదు. జునాగఢ్ సంస్థానంలో ప్రధాన వైద్యుడైన త్రిభువన్‌దాస్ మోతీచంద్ షా, 1889లో తాను చేసిన వంద ముక్కుల గురించి పుస్తకం వేశాడు. వంద! ఒక్క సంస్థానంలో! ఇండోర్‌లో పనిచేసిన కీగన్ అనే సర్జను 1900లో రాసిన పుస్తకంలోనూ, భర్తల అనుమానానికి ముక్కు పోగొట్టుకున్న ఆడవాళ్ల ప్రసక్తి వుంది. వాళ్లెవ్వరి పేర్లూ, కవాస్‌జీ పేరులా, నిలవలేదు. కొత్త ముక్కుతో వాళ్లు ఎక్కడికి వెళ్లారు? ముక్కు కోసిన ఆ ఇంటికేనా? ఏ సర్జనూ అది రాయడు. అది ఆయన పని కాదు కూడానూ.

ఆ కాలం పోయిందనుకోవటానికీ లేదు. కత్తి పోయి యాసిడ్ సీసా వచ్చింది. కాదన్న పిల్ల ముఖం ఎవరికీ చూపించుకోలేకుండా చెయ్యాలన్న బుద్ధి పంచతంత్రం సాలెవాడిదే. 2013లో గానీ మన దేశంలో యాసిడ్ దాడికి విడిగా శిక్ష రాలేదు, పదేళ్లకు తగ్గకుండా, యావజ్జీవం దాకా. సర్కారుదైనా ప్రైవేటుదైనా ఏ ఆసుపత్రీ డబ్బు అడగకుండా వైద్యం చెయ్యాలన్న నియమమూ ఆ ఏడే వచ్చింది. యాసిడ్ పడ్డ ముఖానికి ఒక ఆపరేషను చాలదు, ఏళ్ల తరబడి చేయించుకుంటూనే వుండాలి.

యుద్ధాల సంగతికి వస్తే, మొదటి ప్రపంచయుద్ధంలో కందకాల్లో దాక్కున్న సైనికులు తల ఎత్తితే గుండు ముఖానికే తగిలేది. ప్రాణం నిలిచేది, ముఖం పోయేది. న్యూజిలాండులో పుట్టిన హెరాల్డ్ గిలీస్ అనే డాక్టరు పట్టుపట్టి 1917లో లండను పొలిమేరలో సిడ్‌కప్ అనే చోట వాళ్లకోసమే ఆసుపత్రి పెట్టించాడు. అయిదువేల మందికి పైగా సైనికులకి, పదకొండువేలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. దూరం నుంచి చర్మం తేవటానికి గిలీస్ ఒక చిట్కా కనిపెట్టాడు. లేపిన చర్మపు పట్టీ అంచులు రెండూ లోపలికి మడిచి, మనం బొందుకి గుడ్డ కుట్టినట్టు, గొట్టంలా కుట్టేశాడు. పచ్చిభాగం లోపలికి పోయింది కాబట్టి చీము పట్టటం తగ్గింది. ఆ వార్డుల్లో అద్దాలు వుండనిచ్చేవాళ్లు కాదుట. వూళ్లోకి వెళ్లే దారిలో కొన్ని బెంచీలకి నీలంరంగు వేశారు, వాటి మీద ముఖం చెడినవాళ్లు కూర్చుంటారు సుమా, చూసి అదిరిపడకండి అని వూరివాళ్లకి సూచన. మంచికి చేసిందే. అయినా ఆ నీలం బెంచీ తలుచుకుంటే నా గొంతుకలో ఏదో అడ్డుపడుతుంది.

అందం కోసం చేయించుకునే ఆపరేషన్ల మీద మనవాళ్లు బాగా విసుర్లు విసురుతారు. సినిమా తారల ముక్కుల గురించి మాట్లాడుకోనిదే మా కాలనీలో పొద్దుపోదు. నేనూ విసిరినదాన్నే. కానీ 1896లో బెర్లినులో యాకోబ్ యోజెఫ్ అనే డాక్టరు దగ్గరికి ఒక తల్లి కొడుకుని తీసుకొచ్చింది. పిల్లాడి చెవులు చేటల్లా నిలబడి వుంటే బడిలో పిల్లలు ఏడిపిస్తున్నారు, వీడు బడికి పోనంటున్నాడు. యోజెఫ్ చెవులు వెనక్కి కుట్టాడు. పిల్లాడు బడికి పోయాడు. జబ్బులేనివాడికి కత్తి పెట్టావని డాక్టరు వుద్యోగం మాత్రం వూడింది! ఇప్పుడు చెప్పండి, అది షోకా, అవసరమా? పారిస్‌లో సుజాన్ నొయెల్ అనే డాక్టరమ్మ వుండేది. మొదటి యుద్ధంలో గాయపడ్డ ముఖాలు బాగుచేయటంలో తర్ఫీదు పొంది, తర్వాత ముఖంలో వయసు కనబడితే వుద్యోగం పోతుందని భయపడే ఆడవాళ్లకి ముడతలు తీసేది. స్త్రీలకి ఓటు కావాలని పోరాడిన మనిషి. ముడతలూ ఓటూ ఆవిడ లెక్కలో ఒకే పద్దు!

మనకి దగ్గరలో వెల్లూరుకి 1946లో పాల్ బ్రాండ్ అనే డాక్టరు వచ్చాడు. కుష్ఠు నయమైనా వంకరపోయిన వేళ్లూ, రాలిన కనుబొమలూ చూసి ఎవరూ పని ఇవ్వరు. ఆయన వేళ్లు సరిచేశాడు, తలమీది జుట్టున్న చర్మం తెచ్చి కనుబొమలు చేశాడు. తల జుట్టు కదా, ఆ కనుబొమలు పెరుగుతూ పోయేవి. కత్తిరించుకోమంటే కొందరు ఒప్పుకోలేదుట. ఎన్నాళ్లకో వచ్చిన కనుబొమలు, పెరగనీ!

గ్రహణం మొర్రి సంగతి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. గ్రహణం నాడు మా అమ్మమ్మ కడుపుతో వున్న కోడళ్లని చీకటిగదిలో కదలకుండా పడుకోబెట్టేది. పైపెదవీ అంగిలీ అతుక్కోవటం మూడో నెల నిండేలోపే అయిపోతుంది. నెల తప్పిందని ఇంట్లో కాస్త ఆలస్యంగా చెప్పుకుంటే, ఆ వేళకే పెదవి పని ముగిసి వుంటుంది. ఎన్ని ఇళ్లల్లో ఎంతమంది తల్లులు "గ్రహణం నాడు ఏం కత్తిరించావో" అన్న మాట జీవితమంతా పడ్డారో! ఇప్పుడు నెలల పిల్లలకే పెదవి కుట్టేస్తున్నారు. మాట పడటమే ఇంకా మానలేదు.

ఇక మా చిన్నపిన్ని. 1973లో ఏలూరులో కాపురం. పంపు స్టవ్వు మీద పాలు పెట్టి వంగింది, నైలాను చీర. అవి ఎలా అంటుకుంటాయో ఆ రోజుల వాళ్లకి తెలుసు, కాలవు, కరిగి వొంటికి పట్టుకుంటాయి. అప్పటికి పిన్నికి ఇరవై రెండేళ్లు, చంకలో పది నెలల పిల్ల. మూడు నెలలకి పుండ్లు మానాయి. మానటమే మోసం చేసింది. కాలినచోట వచ్చే కొత్త చర్మం ముడుచుకుపోతుంది, ఎండిన తోలులా. నెల నెలకీ గడ్డం కిందికి దిగుతూ వచ్చి, చివరికి ఛాతీకి అతుక్కుపోయినట్టయింది. కింది పెదవి సాగి నోరు మూతపడేది కాదు. ఎవరితోనైనా మాట్లాడాలంటే నడుం వెనక్కి వంచి, కళ్లు పైకెత్తాలి. అందుకని మాట్లాడటమే మానేసింది. అమ్మమ్మ బొట్టుపెట్టుకునే అద్దం తీసి పెట్టెలో దాచింది.

ఆ వీధికి కొత్తగా వచ్చిన ఒకావిడ, పిన్ని కొంగు నిండా కప్పుకుని కొళాయి దగ్గరికి వెళ్లటం చూసి, "ఎంత అణకువ గల పిల్లో, ఎప్పుడూ తల ఎత్తి చూడదు" అని మా అమ్మమ్మతో మెచ్చుకుందిట.

బాబాయి పెద్దగా మాట్లాడే మనిషి కాదు. రెండేళ్ల తర్వాత ఒకరోజు ఎవరో చెప్పిన చీటీ జేబులో పెట్టుకుని పిన్నిని పట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. ప్లాస్టిక్ ఆపరేషను అన్నారని కార్డు రాస్తే, అమ్మమ్మ "దాని మెడకి ప్లాస్టిక్ అతికిస్తారా? మళ్లీ స్టవ్వు దగ్గరికి పోతే కరగదూ?" అని ఏడ్చింది. మా వదినని చూసి నవ్వాను గానీ, ఆ రోజు మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

ముడుచుకున్న మచ్చని అడ్డంగా కోసి గడ్డాన్ని పైకి లేపితే, మెడ మీద రెండు అరచేతులంత పచ్చి పుండు తేలిందిట. దాని మీద తొడ నుంచి తీసిన ఉల్లిపొరలాంటి చర్మం పరిచారు. పలచటి పొర కాబట్టి దానికి పాయ అక్కర్లేదు, కింద నుంచే రక్తం పీల్చుకుని బతుకుతుంది. వారం రోజులు తల కదపకూడదు. తర్వాత ఆరు నెలలు మెడకి పట్టా, రాత్రీ పగలూ, మళ్లీ ముడుచుకోకుండా. మెడ మీద ఆ చర్మం రంగు చివరిదాకా వేరుగానే వుండేది, నల్లగా, అతుకు వేసిన గుడ్డలా. పిన్ని దాన్ని కొంగుతో కప్పటం మాత్రం ఏనాడూ చూడలేదు.

ఆసుపత్రి నుంచి అమ్మమ్మ ఇంటికి వచ్చిన పూట మేమంతా గుమ్మంలో నిలబడ్డాం, ఏం మాట్లాడాలో తెలీక. పిన్ని పట్టాతోనే లోపలికి వచ్చి, వంటింట్లో నిలబడి, చుట్టూ చూసి, మెల్లిగా పైకి చూసింది. అటక మీద ఆవకాయ జాడీలు వున్నాయి. కాసేపు అలాగే చూసి, "అమ్మా, ఆ మూడో జాడీకి వాసెన ఎవరు కట్టారే? వదులుగా వుంది" అంది.